డబ్బిచ్చాం కదా, ముట్టుకుంటే ఏం?

బొనేర్ దీవిలో సముద్రం అడుక్కి దిగేవాళ్ళు చేతులకి గ్లవ్స్ తొడుక్కోకూడదు. వైద్య కారణం ఏదైనా ఉంటే తప్ప ఒప్పుకోరు. ఈ నియమం మీద సణిగేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకు మండుతుందో చెప్పాలంటే ముందు ఆ దీవి సంగతి కాస్త చెప్పాలి.

కరీబియన్ సముద్రంలో, వెనిజులాకి ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్ల దూరాన ఉంది బొనేర్. 2010 నుంచి నెదర్లాండ్స్‌లో ఒక ప్రత్యేక మునిసిపాలిటీ. దీవి అనగానే కొబ్బరితోటలూ పచ్చదనమూ ఊహించుకోకండి. ఎక్కడ చూసినా జెముడు చెట్లు, మేకలూను. వానలు తక్కువ, నదులు లేవు. అంచేత బురదనీళ్ళు వచ్చి కలవవు, సముద్రం అద్దంలా ఉంటుంది. పడమటి ఒడ్డున రోడ్డుపక్క పసుపురంగు వేసిన రాళ్ళుంటాయి, ఒక్కో రాయి మీద ఒక్కో పేరు. కారాపుకుని, వీపుకి గాలి సిలిండరు కట్టుకుని, నడుచుకుంటూ నీళ్ళలోకి దిగిపోవడమే. పడవతో పనిలేదు. ‘వెయ్యి మెట్లు’ అని ఒక చోటుంది. లెక్కపెడితే డెబ్బై దాకా ఉంటాయేమో అంతే! సిలిండరు మోసుకుంటూ తిరిగి పైకెక్కేవాళ్ళు పెట్టిన పేరు కాబోలు. ‘హిల్మా హుకర్’ అనేది ఇంకో చోటు. గంజాయితో పట్టుబడిన ఓడ అది, 1984లో అక్కడే మునిగింది. ఇప్పుడందులో చేపలు కాపురం ఉంటున్నాయి.

మా అమ్మాయి హ్యూస్టన్‌లో ఉంటుంది. దానికి ఈ పిచ్చి. 2024లో నన్నూ లాక్కుపోయింది. అది అడుక్కి దిగితే, నేను మొహానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని పైపైన తేలాను. అరవై దాటినదాన్ని, అంతకంటే ఏం చేస్తాను?

పగడపు దిబ్బ అంటే రాయి అనుకుంటాం. కాదు సుమండీ. ఆవగింజంత, పెసరగింజంత ప్రాణులు లక్షలాదిగా చేరి, తమ కింద సున్నపు గూళ్ళు కట్టుకుంటూ తరతరాలుగా పెంచుకున్న ఊరు అది. మెదడు ఆకారంలో గుండ్రంగా ఉండే రకం ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లే పెరుగుతుంది. గుమ్మడికాయంత అవడానికి దశాబ్దాలు పడుతుంది. దాని ఒంటిమీద పల్చటి జిగురుపొర ఉంటుంది. రోగాల నుంచి దానికి కాపుదల ఆ పొరే. వేలితో రాస్తే చెదిరిపోతుంది.

చేతికి తొడుగు లేనివాడు ఎక్కడ గీసుకుంటుందోనని చెయ్యి దగ్గర పెట్టుకుంటాడు. తొడుగున్నవాడు దొరికిందల్లా పట్టుకుని వేలాడతాడు. మసిగుడ్డ చేతిలో లేకపోతే మనం పొయ్యి మీది గిన్నె జోలికి పోతామా? అదే లెక్క. ఇంత తేలిక సంగతి అర్థం కావడానికి చదువులక్కర్లేదు.

అయినా ఒడ్డున కలిసిన మనదేశపు పెద్దమనిషి ఒకాయన ఏమన్నారో తెలుసా? “ప్రకృతి రుసుమని మనిషికి 40 డాలర్లు గుంజారు. ఒక్కసారి పట్టుకుంటే అరిగిపోతుందా?” ఆయన భార్య వంత పాడింది, “ఇదేం మడండీ” అని. అమ్మా, మడి మనిషి గొప్ప కోసం కట్టుకునేది. దీనికీ దానికీ పోలికేమిటి? పోలికే కావాలంటే ఆవకాయ జాడీ ఉంది. తడిచెయ్యి పెట్టకూడదని మన అమ్మలు చెప్పారు, మనం పెట్టలేదు. “మామిడికాయలు నేనే కొన్నాను, నా ఇష్టం” అని ఏ ఇంట్లోనైనా ఎవరైనా అన్నారా? చీరల కొట్లో అంచు నలిపి చూస్తాం, బండి దగ్గర వంకాయ నొక్కి చూస్తాం. అవి అమ్మకానికి పెట్టినవి. పగడం ఎవరూ అమ్మకానికి పెట్టలేదు. ఆ 40 డాలర్లూ ఏడాది పొడుగునా చూడనిచ్చినందుకు, కాపలా కాసేవాళ్ళ ఖర్చులకి.

ఈ నియమాలు నిన్నా మొన్నా పుట్టినవీ కావు. ఈటెతో చేపల వేట 1971లో ఆపేశారు. చచ్చిందైనా బతికిందైనా పగడం తీయకూడదని 1975లో అన్నారు. 1979లో ఒడ్డు నుంచి 60 మీటర్ల లోతు దాకా దీవి చుట్టూ రక్షిత ప్రాంతం చేశారు. పడవలు లంగరు వేయడానికి లేదు, తేలే బోయాలకి కట్టుకోవాలి. వీటికోసం పోరాడినవాళ్ళలో ముందువరసలో ఉన్న డాన్ స్టువర్ట్, 1962లో ఆ దీవికి వచ్చిన కొత్తలో తానే ఈటె పట్టి చేపల్ని వేటాడిన మనిషి. మారాలంటే మారొచ్చన్నమాట!

“పగడాల్ని చంపుతున్నది సముద్రపు వేడీ రోగాలూ గాని, నా వేలు కాదు” అనేవారున్నారు. ఈ మాటలో నిజముంది. 2023లో వేడికి పగడాలు తెల్లబోయాయి. 2014లో ఫ్లోరిడాలో మొదట కనిపించిన తెగులు కూడా ఆ ఏడే అక్కడికి చేరింది. ఏళ్ళ తరబడి పెరిగినదాన్ని వారాల్లో తినేస్తుందది. కొన్నిచోట్ల దిగడం కొన్నాళ్ళు ఆపేసి, సామాన్లు మందునీళ్ళలో కడుక్కోమన్నారు. మా అమ్మాయి అంతకుముందు ఫొటో తీసుకొచ్చి మురిసిపోయిన మెదడు పగడం, మేం వెళ్ళేసరికి నాచు పట్టిన గుండు. అది పైకొచ్చి అద్దం తీసి చాలాసేపు మాట్లాడలేదు.

సరే, వేడి మీవల్ల రాలేదనే అనుకుందాం. జ్వరంతో పడుకున్న పిల్లని, జ్వరం నావల్ల రాలేదు కదా అని గిల్లి చూస్తామా?

దీవివాళ్ళనీ నేను వెనకేసుకురాను. 2011లో 15,000 చిల్లర ఉన్న జనం 2024కి 25,000 దాటారు. తీరం పొడుగునా హోటళ్ళు, ఇళ్ళు. సెప్టిక్ ట్యాంకుల నీళ్ళు నేలలోంచి సముద్రంలోకి ఊరతాయి. టూరిస్టుల చేతుల మీద నిఘా పెట్టినంత గట్టిగా హోటళ్ళ మురుగు మీదా పెట్టాలి. డబ్బొచ్చే చోట నోరు పెగలదు, ఏ దేశంలోనైనా.

దిగబోయే ప్రతివాళ్ళూ ముందు నియమాలు విని, ఒకసారి తేలికపాటి చోట దిగి చూపించాలని అక్కడ పద్ధతి. కెమెరా ఉన్నవాళ్ళకి ఇంకో పరీక్ష కూడా పెట్టాలని నా వాదన. చేతులు కట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా, ఐదు నిమిషాలు నీళ్ళలో నిలకడగా తేలాలి. తేలలేకపోతే కెమెరా ఒడ్డునే ఉండాలి. సెలవుల్లో సగంరోజు పోయిందని గోలపెడతారు, పెట్టనివ్వండి. మా అమ్మాయికీ కెమెరా ఉంది. దానితోనూ ఇదే మాటన్నాను. రెండురోజులు నాతో మాట్లాడలేదు.