లేదన్న టేబుల్ ఉంది: రాత్రి షిఫ్టు ఆపరేటరు మెమోపై వినతిపత్రం

గౌరవనీయులైన మేనేజింగ్ డైరెక్టర్ గారి సముఖమునకు,
డిస్పాచ్, స్టోర్స్, కంప్యూటర్ విభాగాల ఉద్యోగులు సమర్పించుకొను వినతి.

విషయం: ప్యాచ్ తర్వాత వచ్చిన ‘టేబుల్ లేదు’ ఎర్రర్ – ఆపరేటరుకిచ్చిన మెమో ఉపసంహరణ – డేటాబేస్ హక్కుల సవరణ గురించి.

అయ్యా,

గత నెల 31వ తేదీ రాత్రి సరుకు ఎక్కించుకున్న లారీలు పదకొండు మన గేటు లోపలే నిలబడిపోయాయి. కాటా అయింది, ఇన్‌వాయిస్ రాలేదు. స్క్రీను తెరిస్తే ‘ఓరా-00942: టేబుల్ ఆర్ వ్యూ డజ్ నాట్ ఎగ్జిస్ట్’ అన్న ఒక్క వాక్యమే కనిపించింది. తెల్లారి ఆరున్నర దాకా ఒక్క బండీ కదల్లేదు. డ్రైవర్లు క్యాంటీను అరుగు మీద కూర్చుని గంటకోసారి వచ్చి అడిగారు. చెప్పడానికి మా దగ్గర జవాబు లేదు.

మర్నాడు ఆ షిఫ్టు ఆపరేటరుకు మెమో వచ్చింది. టేబుల్‌ను తొలగించినందుకు సంజాయిషీ ఇవ్వాలట. ఇన్నేళ్ల సర్వీసులో అతనికి ఇదే మొదటి మెమో. మేము తమ ముందుకు రావడానికి అసలు కారణం అదే.

అయ్యా, ఎర్రర్ వచ్చినప్పుడు ఆ టేబుల్ ఉంది. అందులోని ఒక్క వరుస కూడా పోలేదు. మన ఒరాకిల్ డేటాబేస్‌లో ఈ ఎర్రర్‌కు రెండు అర్థాలున్నాయి. టేబుల్ నిజంగా లేకపోయినా ఇదే వస్తుంది, ఉండి కూడా అడిగిన యూజరుకు దాన్ని చూసే హక్కు లేకపోయినా ఇదే వస్తుంది. హక్కు లేనివారికి ఫలానా టేబుల్ ఉందన్న సంగతి సైతం తెలియకూడదని అలా పెట్టారు. రక్షణ కోసం పెట్టిన ఏర్పాటే అయినా, సంగతి తెలియనివారు దాన్ని చదివితే ఎవరో టేబుల్‌ను చెరిపేశారనే అనుకుంటారు. మెమో రాసిన అధికారి కూడా అలాగే అనుకున్నారు.

31వ తేదీ సాయంత్రం ప్యాచ్ వేయడానికి సాఫ్ట్‌వేర్ సరఫరాదారు మనుషులు ఎనిమిది నుంచి పది దాకా సిస్టం ఆపారు. ఇన్‌వాయిస్ టేబుల్‌కు ఒక కొత్త కాలమ్ కావలసి వచ్చింది. ఉన్న టేబుల్‌కు ‘ఆల్టర్’తో కాలమ్ చేర్చితే సరిపోయేది. వారి స్క్రిప్ట్ మాత్రం డేటాను పక్కన దాచి, పాత టేబుల్‌ను డ్రాప్ చేసి (తొలగించి), అదే పేరుతో కొత్తది కట్టి, డేటాను తిరిగి పోసింది. డ్రాప్ అయిన టేబుల్‌తోపాటు దాని మీద ఇచ్చిన గ్రాంట్లన్నీ, అంటే వాడుకునే హక్కులన్నీ పోతాయి. పబ్లిక్ సినోనిమ్ (టేబుల్‌కు అందరూ వాడే మారుపేరు) అలాగే ఉంది గాని, అది పేరును చూపిస్తుందే తప్ప హక్కు ఇవ్వదు. ప్యాచ్ వేసినవారు టేబుల్ సొంతదారు యూజరుతో లాగిన్ అయి సరిచూసుకున్నారు. సొంతదారుకు గ్రాంటు అక్కర్లేదు కాబట్టి వారికి అంతా బాగానే కనిపించింది. పది గంటలకు మా యూజరుతో తెరిచేసరికి ఇన్‌వాయిస్ ఆగిపోయింది.

మన పాత వెర్షనులో ఈ ఎర్రర్ ఏ టేబుల్‌దో కూడా చెప్పదు. ఒరాకిల్ 23ఏఐ వెర్షను నుంచే పేరు కనిపిస్తుంది. 942కు ట్రేస్ పెట్టి ఆ పేరు పట్టుకోవడానికే మాకు రెండు గంటలు పట్టింది. డేటాబేస్ డిక్షనరీలోని డీబీఏ_ఆబ్జెక్ట్స్‌లో చూసే హక్కు ఉంటే పావుగంటలో తేలేది. ఆ హక్కున్న వ్యక్తిని నిద్ర లేపి చూపించమన్నాం. టేబుల్ ఉంది. సృష్టించిన సమయం 8.40. ఆపరేటరు డ్యూటీలో చేరింది పది గంటలకు. ఈ ఒక్క అంకెను తమరు స్వయంగా చూడవలసిందని వేడుకుంటున్నాం.

కష్టం అక్కడితో తీరలేదు. గ్రాంటును రోల్ (హక్కుల గుంపు) ద్వారా ఇచ్చారు. స్క్రీను తెరుచుకుంది గాని, ప్రింటు నొక్కితే డేటాబేస్‌లోని ప్రోగ్రాం ప్యాకేజీలో తప్పులున్నాయంది. ప్యాకేజీని కంపైల్ చేస్తే మళ్లీ అదే 942. మన ఇన్‌వాయిస్ ప్యాకేజీ వేరే యూజరుది, అది ఆ యూజరు హక్కులతోనే నడుస్తుంది. అలాంటి ప్యాకేజీలో రోల్ ద్వారా వచ్చిన హక్కులు చెల్లవు. ఆ యూజరుకు నేరుగా ఒక్క గ్రాంటు ఇస్తే చాలు. కానీ తెల్లవారుజామున తొందరలో, ఎవరి టేబుల్‌నైనా చదివే, మార్చే అధికారం ఆ యూజరుకు ఇచ్చేశారు. లారీలు కదిలాయి. ఆ అధికారం మాత్రం నేటికీ తీసెయ్యలేదు. జీతాల టేబుళ్లను కూడా ఇన్‌వాయిస్ ప్యాకేజీ యూజరు మార్చగలదు. మాకు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వనిది ఇదే.

కాబట్టి ముందుగా ఆపరేటరుకిచ్చిన మెమోను వెనక్కు తీసుకుని, ఆ సంగతి అతని సర్వీసు రికార్డులో రాయించవలసిందిగా ప్రార్థిస్తున్నాం. ఇన్‌వాయిస్ ప్యాకేజీ యూజరుకు కావలసిన టేబుళ్ల మీదే నేరుగా గ్రాంట్లిచ్చి, ఆ సర్వాధికారాన్ని ఈ వారంలోనే రద్దు చేయించండి. ఇకమీదట ప్రతి ప్యాచ్‌కూ ముందు, తర్వాత గ్రాంట్ల జాబితా తీసి పోల్చి చూడాలని, టెస్ట్ సర్వర్ మీద మేము వాడే యూజరుతోనే నడిపి చూపించాలని, నెలాఖరు మూడు రోజులు ప్యాచ్ వేయరాదని సరఫరాదారుకు లిఖితపూర్వకంగా ఆదేశించండి. కంప్యూటర్ విభాగంలో షిఫ్టుకు ఒకరికైనా డేటాబేస్ డిక్షనరీని చదివే హక్కు ఇప్పించండి. మార్చే హక్కు మాకు వద్దు.

సంజాయిషీకి ఇచ్చిన గడువు వచ్చే సోమవారంతో ముగుస్తుంది. ఆలోగా తమ దర్శనానికి పది నిమిషాలు అనుమతిస్తే ట్రేస్ ఫైలు, 8.40 సమయం కనిపించే ప్రింటు తీసుకుని వస్తాం.

ఇట్లు,
తమ విధేయులు,
డిస్పాచ్, స్టోర్స్, కంప్యూటర్ విభాగాల ఉద్యోగులు

జతపరచినవి: మెమో నకలు, ట్రేస్ ఫైలు ప్రింటు, ఆ రాత్రి గేటు రిజిస్టరు పుటల నకళ్లు.