పాతబస్తీ ముఖాలు సీరియళ్లకు పనికిరావా?

స్టార్ మాలో 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా నడిచిన ‘కార్తీకదీపం’లో కథంతా ఒంటి రంగు చుట్టూ తిరుగుతుంది. కథానాయిక దీప నల్లగా ఉంటుంది. నలుపంటే గిట్టని అత్తగారు ఆమెను కోడలిగా ఒప్పుకోదు. వంటలక్కగా ఇంటింటా పేరు తెచ్చుకున్న ఆ పాత్ర వేసిన ప్రేమి విశ్వనాథ్ నిజానికి తెల్లని మనిషి. దీనికి మాతృక అయిన మలయాళ ‘కరుత్తముత్తు’లోనూ మొదట ఆమే నాయిక, అక్కడా నల్లరంగు పూతే. ఆమె నటనను తప్పుపట్టే పనిలేదు. ఆ పాత్ర అన్నేళ్లు నిలబడిందంటే ఆమె చలవే. తప్పు ఎంపికలో ఉంది. నల్లగా పుట్టినందుకు అవమానాలు పడే ఆడవాళ్ల కథ చెబుతూ, ఆ కథలో నిలబడే అవకాశం నల్లగా పుట్టిన నటికి ఇవ్వకపోవడం అత్తగారు కోడలికి చేసిన అన్యాయం లాంటిదే. నలుపు లోపం కాదని సంభాషణలు చెబుతుంటే, సాయంత్రానికి కడిగేసుకునే మేకప్ దాన్ని లోపంగానే ఖాయం చేసింది.

ప్రేక్షకులు అందమే కోరుకుంటారు, రేటింగులు రాకపోతే సీరియల్ ఆగిపోతుంది కదా అని ఛానెళ్లు అంటాయి. ఈ మాటకు జవాబు ‘కార్తీకదీపం’ రేటింగుల్లోనే ఉంది. తెలుగు టీవీలో ఏళ్ల తరబడి ముందు నిలిచిన ఆ సీరియల్‌లో జనం రోజూ చూసింది నల్లని ముఖాన్నే, సాదా చీర కట్టుకుని వంటచేసే మనిషినే. రంగు ఏదైనా ముక్కూ కళ్లూ తీరుగా ఉన్నాయి కనుకే ఒప్పుకున్నారని అనవచ్చు. ఈ అభ్యంతరంలో కొంత బలముంది. కానీ 2005లో జీ టీవీ ‘సాత్ ఫేరే’కు సహజంగానే చామనఛాయలో ఉన్న రాజశ్రీ ఠాకూర్‌ను నాయికగా తీసుకుంది. రంగు కారణంగా చిన్నచూపుకు గురయ్యే సలోనీగా ఆమె నటించిన ఆ సీరియల్ 2009 దాకా సాగింది. ప్రేక్షకులు కాదన్నందువల్ల తలుపులు మూసుకోలేదు. వాళ్ల తరఫున ముందే ఎవరో కాదనేశారు.

ముఖంలో కనిపించేది రంగొక్కటే కాదు. వయసు, చేసే పని, పుట్టిన చోటు కూడా అందులో తెలుస్తాయి. హైదరాబాద్ పాతబస్తీలో ఇది మరీ స్పష్టం. నిజాం సైన్యంలో కొలువుకు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి బార్కస్‌లో ఉంది. దివాణం ఉద్యోగాల కోసం ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడిన కాయస్థులున్నారు. ఆషాఢంలో లాల్‌దర్వాజా సింహవాహిని అమ్మవారికి బోనమెత్తే తెలుగు కుటుంబాలున్నాయి. నిప్పుల సెగ దగ్గర కూర్చుని లక్క గాజులు చేసే మనిషి, చట్రానికి బిగించిన బట్ట మీద వంగి జర్దోజీ కుట్టే మనిషి నలభై ఏళ్లకే ఎలా అయిపోతారో ఆ గల్లీల్లో అందరికీ తెలుసు. ఇన్ని రకాల మనుషులున్న చోటును చూపించాల్సి వస్తే, చార్మినార్‌ను పైనుంచి ఒకసారి తిప్పి, కాటుక కళ్ల బురఖా అమ్మాయిని, బిర్యానీ తినిపించే దోస్తును పెట్టి సరిపెట్టడం అలవాటైంది. 1982లో సాగర్ సర్హదీ తీసిన ‘బజార్’ అలా సరిపెట్టుకోలేదు. గల్ఫ్ డబ్బుతో వచ్చిన పెద్ద వయసు వరుడికి హైదరాబాద్ పేదింటి పిల్లను కట్టబెట్టే కథ అది. షబ్నంగా వేసిన సుప్రియా పాఠక్ ముఖంలో పసితనం ఇంకా పోలేదు. అందుకే అది పెళ్లి కాదు, బేరమని ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. అదే పాత్రలో నిండుగా ముస్తాబైన తారను ఊహించండి. అమ్మకం కథ కాస్తా విఫలప్రేమ కథగా మారిపోతుంది.

నటనంటే పరకాయ ప్రవేశం కదా, ఎవరి పాత్ర వాళ్లే వేయాలంటే ఇక నటులెందుకు? ఇది ప్రశ్నల్లోకెల్లా గట్టిది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన శ్యామ్ బెనెగల్ 1974లో ‘అంకుర్’ తీసినప్పుడు తెలంగాణ పల్లెలోని దళిత స్త్రీ లక్ష్మిగా షబానా అజ్మీని ఎంచుకున్నారు. ఆమె కవి కైఫీ అజ్మీ కూతురు, బొంబాయి చదువులు చదివిన అమ్మాయి. అయినా ఆ పాత్ర నమ్మబలికేలా కాక నమ్మేలా ఉంది. ఎందుకంటే ఆమె లక్ష్మి మాటను, నడకను, కూర్చునే తీరును తనలోకి తెచ్చుకుంది. దానికి సమయం కావాలి, దర్శకుడి పట్టుదల కావాలి. వారానికి అయిదారు ఎపిసోడ్లు అందించాల్సిన సీరియల్‌లో ఆ తీరిక దొరకదు. పాత్రలోకి మారే వ్యవధి లేనిచోట, పాత్రకు దగ్గరగా ఉన్న మనిషిని మొదటే ఎంచుకోవడం ఇంకా అవసరమవుతుంది. హడావిడి పనిలో అందరికీ తెలిసిన ముఖాలే సురక్షితమన్న నిర్మాతల వాదనను ఇక్కడ తిరగేసి చూడాలి.

ఇంకొకటి గమనించాలి. మన సీరియళ్లలో చాలామంది నాయికలు కన్నడ, మలయాళ సీమల నుంచి వస్తున్నారు. వాళ్లు రావడంలో తప్పేమీ లేదు. అయితే ముఖాన్ని ముందు ఎంచుకుని, గొంతు తర్వాత డబ్బింగ్‌లో అతికించే పద్ధతిలో మనిషిది అనదగ్గ మాట తీరు ఎంపికకు కొలతే కాకుండా పోయింది. పాతబస్తీ కథకు ఇది ప్రాణాంతకం. దక్కనీ యాస లేకుండా అక్కడి మనిషి లేడు. కుంట నిఖిల్ తీసిన ‘ది అంగ్రేజ్’ అమెరికా నుంచి వచ్చిన ఇద్దరు యువకుల కథే అయినా, జనానికి గుర్తుండిపోయింది చార్మినార్ దగ్గర కబుర్లాడే ఇస్మాయిల్ భాయ్, సలీం ఫేకూ. ఆ పాత్రలు వేసిన ధీర్ చరణ్ శ్రీవాస్తవ్, మస్త్ అలీ మాట విన్నవాళ్లెవరూ వాళ్ల అందచందాల ప్రస్తావన తేలేదు. 2018లో వెంకటేశ్ మహా విశాఖలోని కంచరపాలెం జనాన్నే ఎక్కువగా తీసుకుని ‘కేరాఫ్ కంచరపాలెం’ తీశారు. అది సినిమా కదా అంటే, 1986లో దూరదర్శన్ ‘నుక్కడ్’ను వీధి మూల మనుషుల కథలతో సీరియల్‌గానే నడిపింది. మన స్టూడియోలకు చార్మినార్ ఎంతో దూరం కాదు. నాటక బృందాల్లో, దక్కనీ ముషాయిరాల్లో, యూట్యూబ్ హాస్య వీడియోల్లో రాటుదేలిన మనుషులు అక్కడ ఉన్నారు. పాత్రల ఎంపికకు ఫొటోలు పంపమనే ముందు వాళ్ల మాటను ఒక రికార్డింగ్‌లో పంపమని అడగడానికి ఏ ఛానెల్‌కూ అదనపు ఖర్చు కాదు.