అబ్బాయి తిరిగితే ప్రాజెక్టు, అమ్మాయి తిరిగితే?

మొన్న మా ఆడపడుచు అమెరికా నుంచి ఫోన్ చేసి, "వదినా, ఈ సంబంధం కూడా తప్పిపోయింది" అంది. వాళ్ళమ్మాయి అక్కడే పుట్టి పెరిగింది. నర్సింగ్ డిగ్రీ చేసి, ఎన్‌క్లెక్స్ పరీక్ష పాసై, మూడేళ్ళు ఒకే ఆసుపత్రిలో పనిచేసి, ఇప్పుడు ట్రావెల్ నర్సుగా ఉంది. అబ్బాయి తల్లి ఏమన్నారంటే, "నర్సు అంటేనే ఆలోచించాం. పైగా మూడు నెలలకో ఊరు తిరుగుతుందట!"

ఆ 'ట'లో ఎంత విషముందో, తెలుగు బీఏ చదివినదాన్ని, నాకు వేరే చెప్పక్కర్లేదు.

ఇంతకీ ఆ పిల్ల చేసే పనేమిటి? గుండె జబ్బుల స్టెప్‌డౌన్ యూనిట్. ఐసీయూకీ మామూలు వార్డుకీ మధ్య మెట్టు అన్నమాట. బైపాస్ అయి ఐసీయూ దాటినవాళ్ళు, గుండె బలహీనపడి ఒంటికి నీరు పట్టినవాళ్ళు అక్కడుంటారు. గండం గడిచినట్టే కనిపిస్తారు, కానీ గడిచిందో లేదో మానిటర్ చెప్పాలి. గుండె లయ తప్పిందా, స్టెంట్ కోసం గొట్టం పెట్టిన తొడ దగ్గర రక్తం కారుతోందా, పొటాషియం పడిపోయిందా, పొద్దుటికి బరువు పెరిగిందా... పన్నెండు గంటల డ్యూటీలో ఇవన్నీ కనిపెట్టాల్సింది నర్సే. కాలిఫోర్నియాలో అలాంటి చోట ఒక నర్సుకి ముగ్గురికి మించి రోగుల్ని ఇవ్వకూడదని చట్టమే ఉంది. చాలా రాష్ట్రాల్లో అదీ లేదు.

ట్రావెల్ నర్సుకి ఇంకో కష్టం. ఒప్పందం సాధారణంగా 13 వారాలు. కొత్త ఆసుపత్రిలో ఒకటి రెండు రోజులు అన్నీ చూపించి, రోగుల్ని చేతిలో పెట్టేస్తారు. వేరే వార్డులో మనిషి తక్కువైతే ముందు పంపేది తననే. ఒప్పందం మధ్యలో రద్దయితే మళ్ళీ పెట్టె సర్దుకోవాలి.

అదే మన అబ్బాయి డాలస్‌లో ఆర్నెల్లు, షార్లెట్‌లో ఏడాది తిరిగితే 'కన్సల్టెంట్' అని గొప్పగా చెప్పుకుంటాం. అమ్మాయి తిరిగితే మాత్రం ఇల్లు నిలబెట్టదంటామా?

"మరి పెళ్ళయ్యాక సంసారం ఎలా?" అంటారు. ఆ మాట ఆ పిల్లనే అడగొచ్చుగా! అది 13 వారాల ఒప్పందం, పదమూడేళ్ళది కాదు. మా ఆయన బదిలీలకి నేను ఐదు ఊళ్ళు సామాను సర్దాను. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. మొగుడి వెనక తిరిగాను కదా!

నా తప్పూ ఒప్పుకోవాలి. ఒక పెళ్ళిలో ఎవరో ఆ పిల్ల గురించి అడిగితే, "హాస్పిటల్లో జాబ్" అని నర్సు మాట మింగేశాను. డాక్టరనుకుంటే అనుకోనీ అని లోపల చిన్న ఆశ కూడా. అదే మా మావగారు స్టెంట్ వేయించుకుని వచ్చాక, కడుపులో మంటగా ఉందని రక్తం పలచబడే మాత్ర మానేస్తే, అర్ధరాత్రి నేను ఫోన్ చేసింది ఆ పిల్లకే. "అత్తా, డాక్టర్ని అడగకుండా ఒక్కరోజు కూడా ఆపకూడదు. స్టెంట్‌లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. పొద్దున్నే తీసుకెళ్ళండి" అంది. తీసుకెళ్ళాం. ఇవాళ ఆయన పొద్దున్నే పేపరు చదువుతూ కాఫీ అడుగుతున్నారు.

అర్ధరాత్రి పనికొచ్చిన నర్సు, పెళ్ళిచూపులకి పనికిరాదా? ఈసారి ఎవరైనా అడిగితే గొంతు తగ్గించను. "మా పిల్ల గుండె జబ్బుల వార్డులో నర్సు. ఎక్కడ అవసరమైతే అక్కడికి వెళ్తుంది" అంటాను. మీ ఇళ్ళలోనూ అలాంటి పిల్ల ఉంటే, మీరూ ఆ మాట మింగకండి.