కాలువగట్టు పాఠం

పక్షులను చూడాలంటే కొల్లేటికి, పువ్వులను చూడాలంటే ఉద్యానవనానికి వెళ్ళాలని చాలామంది భావిస్తారు. పామిడిముక్కల పరిసరాలలోని ఏ కాలువగట్టు అయినా ఒక రోజు పరిశీలనకు చాలును. తెలుగు చదివే విద్యార్థికి అది విహారం కాదు, పాఠమేనని నా అభిప్రాయం.

కళింగ దండయాత్ర వేళ శ్రీకృష్ణదేవరాయలు ఈ సీమలోని శ్రీకాకుళంలో విడిసినట్లు, అక్కడి ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి కావ్యరచనకు ఆజ్ఞాపించినట్లు 'ఆముక్తమాల్యద' పీఠిక చెబుతుంది. ఆ కావ్యంలోని శ్రీవిల్లిపుత్తూరు వర్ణనలో ఒక వేకువ దృశ్యం ఉంది. రెక్కలలో తలలు దూర్చి పంటకాలువలో నిద్రిస్తున్న బాతులను చూచి, అవి స్నానానికి వచ్చిన బ్రాహ్మణులు పిండి మరచిపోయిన ధోవతులని తలారులు భ్రమిస్తారు. తీసి ఇద్దామని నీటిలోకి దిగేసరికి బాతులు లేచిపోతాయి. వరిచేల కాపున్న స్త్రీలు ఫక్కున నవ్వుతారు. బాతు ఎలా నిద్రిస్తుందో గమనించని కవికి ఈ హాస్యం స్ఫురించదు. మనమో, ఆ పద్యానికి ప్రతిపదార్థం రాసి మార్కులు పొందుతాం. కాలువ వైపు కన్నెత్తి చూడం!

పల్లె ప్రజలు పెట్టిన పేర్లలోనూ ఇటువంటి చూపే ఉంది. మేసే పశువుల వెంట తిరుగుతూ, అవి లేపిన పురుగులను పట్టి తినే నల్లని పిట్టను పసులపోలిగాడు అన్నారు. దానిని డ్రోంగో అని మాత్రమే ఎరిగినవారికి ఈ ముచ్చట తెలియదు. గట్లపై తెల్లగా పూసే తుమ్మి, గుంటగలగర ఒకప్పుడు పేరుపేరునా తెలిసిన మొక్కలు. కలుపుమందు చల్లే చేతికి అవి రెండూ కలుపే. అలాగని కంటికి ఇంపైనదంతా మేలైనదని కాదు. ఊదాపూల గుర్రపుడెక్క దక్షిణ అమెరికా నుండి వచ్చి మన కాలువలను పూడ్చివేస్తున్నది.

రాత్రి దీపం వద్ద మరో లోకం. కవులకు శలభమంటే మంటలో పడి మాడేదే. రైతుకు అంతటితో సరిపోదు. పసుపు రెక్కపై నల్లచుక్క ఉంటే అది వరికాండం తొలిచే పురుగుకు తల్లి. ఆకు కొసలలో గుడ్లు పెడుతుంది. నారు కొసలు తుంచి నాటమనడం అందుకే. కాని శలభాలన్నీ పైరుకు శత్రువులు కావు. రాత్రి విరిసే పూలకు పరాగసంపర్కం చేసేవీ వాటిలో ఉన్నాయి. 2012లో అమెరికాలో మొదలైన శలభ వారోత్సవం ఏటా జూలైలో జరుగుతున్నది; భారతీయులూ అందులో పాల్గొంటున్నారు. మన డెల్టాలో అది వరినాట్ల కాలం.

ఒక నోటుపుస్తకం, ఒక సెలవురోజు చాలు. చూచినదాని రంగు, చోటు, తేదీ రాసుకొని, సాయంత్రం ఇంటిలోని తాతయ్యనో అమ్మమ్మనో పేరు అడగండి. వారు చెప్పేవాటిలో నిఘంటువులకు ఎక్కని పేర్లూ ఉండవచ్చు. వాటిని విన్నది విన్నట్లే రాయండి.