పాత టేకు కుర్చీకి రెండు ధరలు

గత పదేళ్ళలో తాడేపల్లి రూపం మారిపోయింది. రాజధాని పరిధిలోకి వచ్చిన 29 గ్రామాల్లో ఉండవల్లి, పెనుమాక దీనికి ఆనుకునే ఉన్నాయి. 2021లో తాడేపల్లి, మంగళగిరి కలిసి ఒకే నగరపాలక సంస్థ అయ్యాయి. పెంకుటిళ్ళు, పాత డాబాలు పోయి వాటి చోట అపార్టుమెంట్లు లేస్తున్నాయి. ఇల్లు డెవలప్‌మెంట్‌కు ఇచ్చేటప్పుడు ఎవరికెన్ని ఫ్లాట్లు, ఏ అంతస్తు, పార్కింగు ఎవరికి అన్నవి నెలల తరబడి మాట్లాడుకుని స్టాంపు కాగితాల మీద రాసుకుంటారు. తాతలు, నాయనమ్మలు వాడిన మంచాలు, కుర్చీలు, బీరువాల సంగతి మాత్రం ఇల్లు ఖాళీ చేసే ఆఖరి వారంలో గుర్తొస్తుంది. అప్పుడు పాత సామాను కొనేవాళ్ళను పిలుస్తారు, వాళ్ళు చెప్పిందే ధర అవుతుంది. నిజానికి ఈ సామానుకు రెండు ధరలున్నాయి. ఇవాళ అమ్మితే చేతికొచ్చేది ఒకటి. అదే వస్తువును అలాంటి చెక్కతో, అంతే పనితనంతో ఇవాళ చేయించుకోవాలంటే అయ్యేది రెండోది. మొదటి ధర చూసి నిర్ణయం తీసుకోవడం వల్లనే మనం నష్టపోతున్నాం. వారసత్వంగా వచ్చిన సామాను ఉంచాలా, ఇవ్వాలా, అమ్మాలా అన్నది తేల్చవలసింది రెండో ధర.

అసలు ఈ సామాను ఏమిటో ముందు గుర్తించాలి. ఇందులో చాలాభాగం 1950 నుంచి 1975 దాకా తయారైనది. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. 1967లో నాగార్జునసాగర్ కాలువల్లో నీళ్ళు పారాయి. పొగాకు, పత్తి, మిరప మీద నాలుగు డబ్బులు మిగిలిన కుటుంబాలు సిమెంటు డాబాలు కట్టుకున్నాయి. ఆ డాబాల్లోకి లతలు, సింహపు పాదాలు చెక్కిన జమీందారీ తరహా సామాను కాకుండా కొత్త రకం వచ్చింది. కిందికి దిగేకొద్దీ సన్నబడే కాళ్ళు, నిటారు గీతలు, కేను అల్లిన వీపు, పొడుగు చేతుల పడక కుర్చీ, రేడియో పెట్టుకునే బల్ల, సన్‌మైకా పరిచిన టేబులు. మిస్సమ్మ (1955), గుండమ్మ కథ (1962) లాంటి సినిమాలకు గోఖలే, కళాధర్ వేసిన సెట్లు చూస్తే ఆ కాలపు హాలు ఎలా ఉండాలని జనం కోరుకున్నారో తెలుస్తుంది. అవే ఏళ్ళలో యూరప్, అమెరికాల్లో తయారైన ఇలాంటి సామానును ఇప్పుడు మిడ్ సెంచరీ మోడరన్ అని పేరుపెట్టి భద్రపరుస్తున్నారు. మన దగ్గర వీటిని చేసినవాళ్ళు ఊరి వడ్రంగులు. కొత్త గీతను పట్టుకున్నారు కానీ ఎండను మరిచిపోలేదు. రోహిణి కార్తెలో ఫోము సోఫా మీద కూర్చుంటే వీపు చెమటతో తడుస్తుంది. కేను కుర్చీలో గాలి ఆడుతుంది. ఈ వాతావరణానికి ఏది సరిపోతుందో తెలిసిన చేతులు చేసిన పని అది.

రెండో ధర ఎందుకు అంత ఎక్కువో చెక్క చెబుతుంది. ఆనాటి మంచి సామానుకు గోదావరి ఏజెన్సీ టేకో, బర్మా టేకో వాడేవారు. అడవిలో దశాబ్దాల పాటు నెమ్మదిగా పెరిగిన చెట్టులో చేవ ఎక్కువ. చేవలోని సహజమైన నూనె చెదను దగ్గరకు రానివ్వదు, తడిని తట్టుకుంటుంది. ఆ చెట్లు ఇప్పుడు మార్కెట్లో దొరకవు. 1988 జాతీయ అటవీ విధానం అడవిని ఆదాయ వనరుగా చూసే పద్ధతిని మార్చింది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు, కేంద్రం ఆమోదించిన ప్రణాళిక లేకుండా అడవిలో చెట్టు కొట్టడాన్ని ఆపేసింది. 2014లో మయన్మార్ దుంగల ఎగుమతిని నిషేధించింది. ఈ నిర్ణయాలు మూడూ సరైనవే. వాటి ఫలితంగా ఇవాళ టేకు అని కొనేదాంట్లో ఎక్కువ భాగం తోటల్లో త్వరగా పెంచి కొట్టినది, లేదా ఆఫ్రికా, లాటిన్ అమెరికాల తోటల నుంచి ఓడల్లో వచ్చినది. లేత చెట్టులో చేవ తక్కువ, పైచెక్క ఎక్కువ. కాబట్టి పాత కుర్చీని తూకానికి అమ్మేసినవారు ఆ డబ్బుకు ఎంత కలిపినా మళ్ళీ ఆ చెక్కను కొనుక్కోవడం కష్టం.

పనితనం సంగతీ అంతే. పాత వడ్రంగం కుసి, బెజ్జం కలిపి చెక్క చీల దిగగొట్టే పని. కీలు వదులైతే విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించవచ్చు. కేను తెగితే కొత్తగా అల్లించవచ్చు. నవారు సాగితే మార్చవచ్చు. పాలిష్ పోతే చిత్రిక పట్టి మళ్ళీ వేయించవచ్చు. అంటే బాగుచేయడానికి వీలుగానే దాన్ని తయారుచేశారు. ఇప్పుడు ఎక్కువగా అమ్ముడుపోతున్న పార్టికల్ బోర్డు సామాను చెక్కపొడిని జిగురుతో అదిమి చేసినది. ఒకసారి స్క్రూ పట్టు వదిలితే ఆ రంధ్రంలో మళ్ళీ పట్టదు. నీళ్ళు తాగితే ఉబ్బి, పొరలు విడిపోయి, ఎండబెట్టినా యథాస్థితికి రాదు. కృష్ణా తీరవాసులకు ఇది పుస్తకంలో చదివి తెలుసుకోవలసిన విషయం కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్ళను రోజుల తరబడి ముంచేసింది. అప్పుడే బ్యారేజీ దగ్గర కృష్ణ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటి నీటిలో నానిన బోర్డు కప్‌బోర్డు చెత్తకుప్పకే వెళుతుంది. గట్టి టేకు బల్లను మాత్రం కడిగి, నీడన ఆరబెట్టి, కీళ్ళు బిగిస్తే చాలావరకు మళ్ళీ వాడుకోవచ్చు. వరద ఎప్పుడొస్తుందో తెలియని చోట ఈ తేడాను ఎవరూ చిన్నదిగా చూడకూడదు.

మొదటి ధరను నమ్మి పెద్ద ఎత్తున మోసపోయిన ఊరు మన దేశంలోనే ఉంది. చండీగఢ్ నిర్మాణానికి లె కార్బూజియేతో పాటు వచ్చిన ఆయన బంధువు పియర్ జన్నరే, అక్కడి సచివాలయం, హైకోర్టు, విశ్వవిద్యాలయం కోసం టేకుతో, కేనుతో కుర్చీలు, బల్లలు రూపొందించాడు. యూలీ చౌదరి వంటి భారతీయ వాస్తుశిల్పులు ఆ పనిలో ఉన్నారు, స్థానిక వడ్రంగులు వాటిని తయారుచేశారు. దశాబ్దాలు గడిచాక కాళ్ళు విరిగాయని, కేను చిరిగిందని అధికారులు వాటిని మిద్దెల మీద, వరండాల్లో గుట్టలు పోసి తుక్కు కింద వేలం వేశారు. కొన్న వ్యాపారులు బాగుచేయించి యూరప్, అమెరికా వేలంశాలల్లో లక్షల రూపాయలకు అమ్మారు. 2011లో కేంద్ర హోంశాఖ ఆ అమ్మకాలను నిషేధించేనాటికి ఎంతో సామాను దేశం దాటింది. 1972 నాటి పురావస్తువుల చట్టం సాధారణంగా నూరేళ్ళు దాటిన వస్తువులకే రక్షణ ఇస్తుంది కాబట్టి దాని కిందా అవి రాలేదు. ఆ ఆఫీసుల్లో ఎవరూ అడగని ప్రశ్న ఒక్కటే: ఇదే కుర్చీని మళ్ళీ చేయించాలంటే ఎంతవుతుంది?

ఈ ఉదాహరణ చెప్పగానే తమ ఇంటి పడక కుర్చీకీ లక్షలొస్తాయని ఎవరైనా ఆశపడితే అది పొరపాటు. చండీగఢ్ కుర్చీకి ఆ ధర రావడానికి రూపకర్త పేరు, చెక్క మీద రాసిన శాఖల గుర్తులు కారణం. మన కుర్చీకి ఆ రెండూ లేవు. పేరు లేనంత మాత్రాన విలువ లేదని కాదు. ఈమ్స్ దంపతులు చార్లెస్, రే అమెరికన్ ఆధునిక ఫర్నిచర్‌కు పెద్ద పేర్లు. భారత ప్రభుత్వం కోసం 1958లో వాళ్ళు రాసిన నివేదికలో అన్నిటికన్నా ఎక్కువగా మెచ్చుకున్న వస్తువు మామూలు చెంబు. తరతరాల వాడకం దానికి రూపం ఇచ్చిందని వాళ్ళు గుర్తించారు. ఆ నివేదిక ఫలితంగానే 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ పుట్టింది. మన సామాను విలువ కూడా వాడకంలోనే ఉంది. అందుకే దాన్ని అటక మీద పడేయడం, తాళం వేసిన ఇంట్లో వదిలేయడం కాపాడటం కాదు. చెద పట్టి, కేను ఎండి విరిగి, తుక్కువాడికి వేసినంత పనే అవుతుంది.

కాబట్టి నిర్ణయానికి వరస ఉండాలి. ముందు పాత పని తెలిసిన వడ్రంగిని పిలిచి ఒక్కొక్క వస్తువూ చూపించాలి: ఏ చెక్క, కీళ్ళు ఎలా ఉన్నాయి, చెద ఎంత లోపలికి వెళ్ళింది, మళ్ళీ చేయిస్తే ఎంత, బాగుచేస్తే ఎంత. గట్టిగా ఉండి కొత్త ఇంట్లో పనికొచ్చేవి ఉంచుకోవాలి. వాటి మీద రంగు పూయకుండా పాలిష్ చేయించాలి. ఉంచుకోలేనివి వాడేవాళ్ళకు ఇవ్వాలి. బంధువులు, ఊరి గ్రంథాలయం, బడి, వృద్ధాశ్రమం, ఎవరైనా సరే కూర్చునేవాళ్ళు కావాలి. అమ్మక తప్పకపోతే కలపగా కాకుండా సామానుగా అమ్మాలి. రూపం నిలిచే స్థితి దాటిపోయిన వాటి మంచి పలకలతో చదువుకునే బల్లో, పుస్తకాల అరో చేయించవచ్చు. మూడొంతులు చెద తిన్నదాన్ని మమకారంతో బాగుచేయించడం వృథా. ఏది ఎవరిది, ఏ ఊళ్ళో ఎవరు చేశారు, ఏ ఏడు అన్నది తెలిసినంతవరకు అడుగున రాసి ఉంచాలి.

ఫ్లాట్లలో చోటెక్కడ అన్నది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. పందిరి మంచం పడకగదిలో పట్టకపోవచ్చు. కానీ దాని పందిరి విడిగా తీయవచ్చు, పట్టెలు విప్పి లిఫ్టులో తీసుకెళ్ళవచ్చు. పైగా ఆ కాలపు కుర్చీలు సన్నవి. హాలు సగం ఆక్రమించే మూలమలుపు సోఫా కన్నా అవి తక్కువ చోటు తీసుకుంటాయి. బాగుచేయడానికి అయ్యే ఖర్చుతో కొత్తదే వస్తుందని మరికొందరంటారు. వస్తుంది, కానీ బోర్డుది వస్తుంది. పోల్చవలసింది అదే చెక్కతో చేసిన కొత్తదానితో. పోయినవారి మంచం, కుర్చీ ఇంట్లో ఉండకూడదన్న నమ్మకం చాలామందికి ఉంది. దాన్ని గౌరవించాలి. అయితే ఆ సంప్రదాయమే శయ్యాదానం చేయమంది. వస్తువు మరొకరికి ఉపయోగపడాలన్న ఆలోచన అందులోనే ఉంది, తుక్కుకు వేయమని ఎక్కడా లేదు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఈ సామానులో చాలా భాగం ఆడవాళ్ళ వెంట సారెగా వచ్చింది. 1956 హిందూ వారసత్వ చట్టం దాని మీద ఆమెకు పూర్తి హక్కు ఇచ్చింది. వీలునామా లేకుండా ఆమె పోతే కొడుకులతో సమానంగా కూతుళ్ళకూ వాటా ఉంటుంది. అయినా తల్లి మంచాన్ని, బీరువాను ఏం చేయాలో కొడుకులూ బిల్డరూ తేల్చేస్తారు, కూతురికి సంగతి తర్వాత తెలుస్తుంది. భాగ పరిష్కారంలో పొలం, బంగారంతో పాటు సామాను జాబితా కూడా రాస్తే ఈ అన్యాయమూ ఆగుతుంది, తర్వాత వచ్చే మనస్పర్థలూ తగ్గుతాయి.

కుటుంబాలు ఒంటరిగా చేయలేని పని కొంత ఉంది. జాతీయ డిజైన్ సంస్థ ఆంధ్రప్రదేశ్ శాఖ 2015లో మన పక్కనే ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయ ఆవరణలో మొదలైంది. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. ఈ రెండు సంస్థల విద్యార్థులు పడగొట్టబోయే ఇళ్ళలోని సామానును కొలిచి, గీసి, నమోదు చేస్తే గుంటూరు జిల్లా వడ్రంగానికి తొలిసారి ఒక పటాల సంపుటి తయారవుతుంది. నగరపాలక సంస్థ ఒక షెడ్డు ఇచ్చి, కేను అల్లేవారికి, పాలిష్ పనివారికి అక్కడ చోటు కల్పిస్తే ఇచ్చేవారూ తీసుకునేవారూ ఒకచోట కలుస్తారు. మాడ్యులర్ సామాను వచ్చాక పని తగ్గిన వడ్రంగులకు బాగుచేసే పనే ఒక వృత్తిగా నిలుస్తుంది. తర్వాతి తరానికి ఆ కీలు ఎలా బిగించాలో నేర్పేవాళ్ళు మిగులుతారు.

ఇవన్నీ జరగడానికి సమయం కావాలి, ఆఖరి వారంలో అది దొరకదు. బిల్డరుతో ఒప్పందం మీద సంతకం పెట్టకముందే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఒక పూట కూర్చుని, వడ్రంగిని పక్కన పెట్టుకుని, ప్రతి వస్తువుకూ రెండు ధరలూ రాసుకోవాలి. రెండో ధర చూశాక కూడా అమ్మాలనిపిస్తే అమ్మవచ్చు, అది తెలిసి తీసుకున్న నిర్ణయం అవుతుంది. చాలా ఇళ్ళలో మాత్రం ఆ రెండో అంకె చూశాక లారీని వెనక్కి పంపుతారనే నా నమ్మకం.