ఘాటు రోడ్డుకు పందెపు కామ్ ఎందుకు?

ఆసిఫాబాద్ నుంచి ఉట్నూరు వైపు మీరెప్పుడైనా బస్సులో వెళ్లారా? దారిలో కెరమెరి ఘాటు వస్తుంది. మలుపు తిరిగామో లేదో ఇంకో మలుపు. డ్రైవరు గేరు తగ్గిస్తాడు. బండి మూలుగుతూ మెల్లగా పైకి పాకుతుంది. ఆ సమయంలో ఇంజనుకు కావలసింది పరుగు కాదు, లాగే బలం.

నా దగ్గర పదో తరగతి చదివిన కుర్రాడొకడు ఈ మధ్య ఒక పాత మారుతీ జిప్సీ కొన్నాడు. పెట్రోలు బండి. ఘాటు మీది ఊళ్లకు సరుకులు చేరవేస్తాడు. రాత్రివేళ ఎవరికైనా జ్వరం వచ్చినా, పురిటి నొప్పులు వచ్చినా కబురు ఇతనికే వస్తుంది. ఒకరోజు ఇంటికి వచ్చి, "సార్, పట్నంల ఒక షెడ్డుల రేసు కామ్ వేస్తమంటున్నరు. పవర్ మస్తు పెరుగుతదట. వేయించాల్నా?" అని అడిగాడు. కూడబెట్టిన డబ్బంతా దానికే పోతుందట. "వద్దురా" అన్నాను. ఎందుకు వద్దో మీకూ చెబుతాను. సరేనో కాదో మీరే తేల్చుకోండి.

ముందు కామ్ అంటే ఏమిటో చూద్దాం. ఇంజను సిలిండరుకు రెండు రకాల తలుపులుంటాయి. ఒకదానిలోంచి గాలి, పెట్రోలు కలిసి లోపలికి వస్తాయి. రెండోదానిలోంచి కాలిన పొగ బయటికి పోతుంది. వీటినే వాల్వులంటారు. వీటిని తెరిచేది ఒక ఇరుసు. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బెత్తు ముక్కలుంటాయి. ఇరుసు తిరుగుతుంటే గుడ్డు మొన వాల్వును నొక్కుతుంది, అది తెరుచుకుంటుంది. మొన దాటిపోగానే స్ప్రింగు దాన్ని మూసేస్తుంది. ఆ గుడ్డు ముక్కే కామ్. ఇంజను రెండు చుట్లు తిరిగితే కామ్ ఇరుసు ఒక చుట్టు తిరుగుతుంది. వాల్వు ఎప్పుడు తెరుచుకోవాలి, ఎంత ఎత్తు లేవాలి, ఎంతసేపు తెరిచి ఉండాలి అన్న మూడు సంగతులూ ఆ గుడ్డు ఆకారంలోనే రాసిపెట్టి ఉంటాయి. అరిగిపోయిన కామ్ ఇరుసు ఒకటి మా బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా ఉంది. ఏ మెకానిక్ షెడ్డులో అడిగినా మీకూ ఒకటి దొరుకుతుంది.

ఇప్పుడు చిన్న లెక్క. ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరుగుతోందనుకోండి. అంటే సెకనుకు 100 చుట్లు. గాలి వాల్వు 240 డిగ్రీల సేపు, అంటే చుట్టులో మూడింట రెండు వంతులు తెరిచి ఉందనుకుంటే, అది తెరిచి ఉండేది సెకనులో 150వ వంతు మాత్రమే! ఆ రెప్పపాటులో సిలిండరు నిండాలి. గాలికీ బరువుంది. కదలమంటే వెంటనే కదలదు, కదిలాక ఆగమంటే వెంటనే ఆగదు. అందుకే పిస్టను కిందికి దిగడం ముగించి పైకి బయలుదేరినా గాలి వాల్వును ఇంకాసేపు తెరిచే ఉంచుతారు. వేగంగా వస్తున్న గాలి ఆ ఊపులో ఇంకొంచెం లోపలికి తోసుకువస్తుంది. పందెపు కామ్ చేసేది ఇదే. అది వాల్వును ఎక్కువ ఎత్తు లేపుతుంది, ఎక్కువసేపు, ఒక్కోసారి 300 డిగ్రీలు దాటి, తెరిచి ఉంచుతుంది. పైగా పొగ తలుపు పూర్తిగా మూసుకోకముందే గాలి తలుపును తెరిచేస్తుంది. కాసేపు రెండు తలుపులూ తెరిచే ఉంటాయన్నమాట.

వేగం ఉన్నప్పుడు ఇదంతా లాభమే. మరి ఘాటు మీద, ఇంజను 1500 చుట్ల దగ్గర కొట్టుకుంటున్నప్పుడు? అప్పుడు గాలి తీరిగ్గా వస్తుంది, దానిలో ఊపు ఉండదు. ఇంకా తెరిచే ఉన్న తలుపులోంచి పిస్టను దాన్ని వచ్చిన దారినే వెనక్కి నెట్టేస్తుంది. రెండు తలుపులూ తెరిచి ఉన్న సమయంలో పాత పొగ కొంత కొత్త గాలిలో కలిసిపోతుంది. సిలిండరులో కాలవలసిన సరుకే తక్కువైతే బలం ఎక్కడి నుంచి వస్తుంది? పందెపు బండి నిలిపి ఉంచినప్పుడు 'గుడ గుడ... గుడ' అని తడబడుతుంది చూడండి, కారణం ఇదే. కుర్రకారుకు ఆ చప్పుడంటే మహా మోజు. నాకు మాత్రం అది అజీర్తి చేసిన కడుపు చప్పుడులా వినిపిస్తుంది.

పవర్ పెరుగుతుందన్న మాట అబద్ధమేమీ కాదు. ఎక్కడ పెరుగుతుందన్నదే ప్రశ్న. మీకు తెలిసిన రెండు మోటారు సైకిళ్లను తీసుకుందాం. పాత తరం బుల్లెట్ 350 ఇంజను 346 సి.సి. దాని తిప్పే బలం, అంటే టార్కు, 3000 చుట్ల దగ్గర 32 న్యూటన్ మీటర్లు. కె.టి.ఎం. 390 డ్యూక్ పాత ఇంజను 373 సి.సి. దాని టార్కు 7000 చుట్ల దగ్గర 37 న్యూటన్ మీటర్లు. బలంలో తేడా కొంచెమే! కానీ టార్కును చుట్లతో గుణిస్తేనే పవర్ వస్తుంది. గుణించి చూడండి. రెండోదాని పవర్ రెండున్నర రెట్లకు పైగా తేలుతుంది. (ఇదంతా కామ్ ఒక్కదాని మహిమ కాదు. డ్యూక్‌కు నాలుగు వాల్వులు, నీటితో చల్లార్చే ఏర్పాటు కూడా ఉన్నాయి.) బుల్లెట్ తన బలాన్ని కింది మెట్టు మీదే చేతికిస్తుంది. డ్యూక్ పై మెట్టుకు రమ్మంటుంది.

మా కుర్రాడు తెలివైనవాడు. "గేరు తగ్గిస్తే ఇంజను పైకే తిరుగుతది గద సార్?" అన్నాడు. నిజమే. పందెపు కార్లు చేసే పని అదే. అవి చుట్లు తగ్గనివ్వకుండా దగ్గర దగ్గర గేర్లతో పరిగెడతాయి. అలాంటి బండికి పందెపు కామ్ ఉండాల్సిందే, మామూలు కామ్ పెట్టడమే తప్పు. కానీ సరుకు నింపుకొని ప్రతి మలుపులో వేగం తగ్గించి, ఎదురుగా బస్సు వస్తే ఎత్తు మీదే ఆగి మళ్లీ కదలాల్సిన బండికి? ఆగినప్పుడల్లా ఇంజనును రొద పెట్టించి క్లచ్చిని అరగదీయాలి. పెట్రోలు ఖర్చు వేరే.

నాకు అన్నిటికన్నా భయం వేసింది బ్రేకు గురించి. చాలా పెట్రోలు కార్లలో ఇంజను గాలిని పీల్చుకునేటప్పుడు ఏర్పడే వాక్యూమే బ్రేకు మీద మన కాలికి సాయం చేస్తుంది. పందెపు కామ్ వేస్తే, ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ వాక్యూమ్ తగ్గుతుంది. అంటే కాలితో ఇంకా గట్టిగా తొక్కాలి. రాత్రివేళ, వెనుక సీటులో నొప్పులు పడుతున్న మనిషి ఉన్నప్పుడు ఇది చిన్న విషయమా? ఎత్తయిన కామ్‌కు గట్టి స్ప్రింగులు కావాలి, దాంతో అరుగుదల పెరుగుతుంది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని అనుమతి లేకుండా మార్చడం 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుకు విరుద్ధం కూడా.

రెండు లాభాలూ ఒకే ఇంజనులో దొరకవా అంటారేమో. దొరుకుతాయి. 1989లో జపానులో హోండా కంపెనీ తన ఇంటెగ్రా కారులో ఒకే ఇరుసు మీద రెండు రకాల కామ్‌లు పెట్టింది. నెమ్మదిగా పోయేటప్పుడు ఒకటి, వేగం పెరిగాక ఇంకొకటి పనిచేస్తాయి. 1.6 లీటర్ల ఇంజను 160 అశ్వశక్తి ఇచ్చింది. వేగాన్ని బట్టి వాల్వు తీరు మార్చడమన్న ఆలోచన అంతకన్నా చాలా పాతది. మన ఆసిఫాబాద్ రోడ్ స్టేషను మీదుగా ఒకప్పుడు పోయిన పొగబండ్లలో డ్రైవరు ఒక లీవరుతో ఆవిరి ఎంతసేపు లోపలికి రావాలో మార్చేవాడు. బయలుదేరేటప్పుడు ఎక్కువసేపు, పరుగందుకున్నాక తక్కువసేపు. పెట్రోలు ఇంజనుతో పోలిస్తే వరస తలకిందులు, అంతే. ఇక 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ పందెం జరిగింది. ఆ కార్లకు అసలు కామే లేదు, వాల్వూ లేదు. అవి కరెంటు మోటార్లు. కదలడం మొదలుపెట్టిన క్షణం నుంచే నిండు బలం!

మా కుర్రాడికి ఆ సంగతీ చెప్పాను. "అది మనకు ఎప్పుడొస్తది సార్?" అని నవ్వాడు. ఆ డబ్బుతో నాలుగు కొత్త టైర్లు, బ్రేకు లైనర్లు వేయించాడు. వాల్వుల సందు సరిచేయించి, క్లచ్చి ప్లేటు మార్పించాడు. పాత కామ్ అలాగే ఉంది. ఆ గుడగుడ చప్పుడు మీద మనసు మాత్రం ఇంకా పోలేదు. మొన్న కలిసినప్పుడు, "సైలెన్సర్ ఒక్కటి మారిస్తె ఏమైతది సార్?" అని అడిగాడు.