కీటో ఆహారం మందే, దానికీ మోతాదు ఉంది

కీటో డైట్ అనగానే మనకు గుర్తొచ్చేది బరువు తగ్గడం. కొన్నేళ్ల కిందట తెలుగు రాష్ట్రాల్లో కొబ్బరి నూనె తాగే డైట్ ఇంటింటా మాటయింది. నిజానికి ఈ ఆహార పద్ధతి పుట్టింది మూర్ఛ రోగుల కోసం. ఉపవాసంలో ఫిట్స్ తగ్గుతాయని వైద్యులు ముందే గమనించారు. కానీ మనిషిని ఎన్నాళ్లని పస్తులుంచుతారు? తింటూనే ఒంటిని ఉపవాస స్థితిలో ఉంచవచ్చని 1921లో అమెరికాలోని మాయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ ప్రతిపాదించారు. 1938లో ఫెనిటోయిన్ మందు వచ్చాక ఈ పద్ధతి వెనకబడిపోయింది.

అయితే మూర్ఛ ఉన్నవారిలో సుమారు మూడో వంతు మందికి నేటికీ మందులతో ఫిట్స్ అదుపులోకి రావు. అందుకే పాత పద్ధతి మళ్లీ ఆసుపత్రుల్లోకి వచ్చింది.

ఇది ఎలా పనిచేస్తుంది? పిండిపదార్థాలు బాగా తగ్గిస్తే కాలేయం కొవ్వు నుంచి కీటోన్లను తయారుచేస్తుంది. గ్లూకోజ్‌కు బదులు మెదడు వాటిని ఇంధనంగా వాడుకుంటుంది. కొవ్వు ఆమ్లాలు కూడా నేరుగా పనిచేస్తుండవచ్చు. నాడీకణాలను ఉత్తేజపరిచే ఆంపా గ్రాహకాలను డెకనోయిక్ ఆమ్లం అడ్డుకుంటుందని ఎలుక మెదడు కణజాలంపై ప్రయోగాల్లో లండన్ పరిశోధకులు 2016లో చూపారు. కొబ్బరి నూనెలో ఈ ఆమ్లం పదో వంతు కూడా ఉండదు. సగం దాకా ఉండేది లారిక్ ఆమ్లం. కాబట్టి కొబ్బరి నూనె తాగితే ఫిట్స్ తగ్గుతాయనుకోవడం పొరపాటు.

మన దగ్గరా ఆధారాలున్నాయి. మందులకు లొంగని మూర్ఛ ఉన్న 102 మంది పిల్లలపై ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు జరిపిన పరీక్ష ఫలితాలు 2013లో వెలువడ్డాయి. మందులతో పాటు మార్పు చేసిన అట్కిన్స్ ఆహారం తిన్నవారిలో మూడు నెలలకు 52 శాతం మందికి ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి. మందులు మాత్రమే వాడినవారిలో అలా తగ్గింది 11.5 శాతం మందికే.

ఆ పిల్లలకు రోజుకు అనుమతించిన పిండిపదార్థం 10 గ్రాములు. వంద గ్రాముల అన్నంలోనే దాదాపు 28 గ్రాములు ఉంటుంది. అంటే నాలుగు చెంచాల అన్నంతో ఆ రోజు కోటా అయిపోతుంది. తీపి దగ్గు సిరప్ కూడా లెక్కలోకి వస్తుంది. అన్నమే భోజనమైన ఇంట్లో, అన్నదమ్ములు ముద్దపప్పు కలుపుకుంటుంటే ఒక్క బిడ్డకు గుడ్డు, పనీర్, వెన్న తూచి పెట్టడం ఆ తల్లికి ఎంత కష్టమో ఊహించండి.

పైగా మలబద్ధకం, మూత్రపిండాల్లో రాళ్లు, ఎదుగుదల మందగించడం వంటి ఇబ్బందులు రావచ్చు. పుట్టుకతోనే కొవ్వును వాడుకోలేని జీవక్రియ లోపం ఉన్న పిల్లలకు ఈ ఆహారం ప్రాణాంతకం. ముందుగా పరీక్షలు చేయాలి. యూట్యూబ్ చూసి మొదలుపెట్టడం, మాత్రలు సొంతంగా మానేయడం రెండూ ప్రమాదమే.

ఈ చికిత్సకు పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. కావలసింది తూకం యంత్రం, నాడీ వైద్యుడు, ఓపికగా లెక్క నేర్పే డైటీషియన్. మాత్రకు చీటీ రాసే ప్రతి బోధనాసుపత్రిలోనూ ఆ డైటీషియన్ ఉండాలి. మన పచ్చళ్లు, పొడులు, కూరలు ఏది ఎన్ని గ్రాములో తెలుగులో రాసిన పట్టిక ఆ తల్లి చేతికి అందాలి. అది లేకుండా కీటో పెట్టమని చెప్పడం, మోతాదు రాయకుండా మందు ఇవ్వడమే.